ఎదుట నిలబడిన మనిషి కొలత

మా వీధి చివరి ఇంటివారి అమ్మాయి, ఫార్మసీ చదువుతున్న పిల్ల, పోయిన ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చి, వచ్చే నెలలో తాను ఒక సెమిస్టరు పాటు పోలండులోని ఒక విశ్వవిద్యాలయానికి మార్పిడి విద్యార్థిగా వెళుతున్నానని చెప్పింది. నంద్యాలలో మా వీధి మొత్తం మీద అలా వెళ్లి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని వాళ్లమ్మ చెప్పిందట. చలి ఎంత ఉంటుందని అడిగితే డిగ్రీలలో చెప్పాను. ఊరగాయ ఎంత తీసుకుపోవచ్చునంటే, విమాన సంస్థ పెట్టె బరువు ఎంతవరకు అనుమతిస్తుందో చూసి, అందులో సీసా బరువు కూడా లెక్కలోకి వస్తుందని చెప్పాను. ఈ రెండు జవాబులతోనూ ఆ పిల్ల తృప్తి పడింది గానీ, లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మొదటి వారం క్లాసులు ఎట్లుంటాయి తాతా? దానికే భయమైతాంది నాకు" అని అడిగేసరికి నా దగ్గర అంకె లేకపోయింది. ఉదయం ఎనిమిదింటికే మొదలవుతాయని మాత్రం అన్నాను. ఆమె అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

మన వయసు వచ్చినవారికి వేరే చెప్పనక్కరలేదు, జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు. అడిగిన ప్రతిసారీ కొంత కలిపి, కొంత తీసివేసి చెబుతుంది. అందుకే నేను తేదీని నమ్ముతాను, కొలతను నమ్ముతాను, తక్కినదాన్ని ఎవరు చెప్పినా సగమే వింటాను. ఆ పిల్ల వెళ్లిపోయిన తరువాత పాత పాస్‌పోర్టు తీసి, అందులోని ముద్ర చూసి, కాలెండరు వెనక్కి లెక్కవేసుకుని, నా మొదటి తరగతి జరిగింది 1984 అక్టోబరు మొదటి సోమవారమేనని రూఢి చేసుకున్నాను. అప్పుడు నా వయసు ఇరవై మూడు. నేను దిగిన ఊరు ప్రాగ్. ఆ ఊరు అక్కడే ఉంది గానీ, నా పాస్‌పోర్టు మీద ముద్ర వేసిన చెకోస్లోవేకియా అనే దేశం మాత్రం ఇప్పుడు ఏ పటంలోనూ లేదు.

ఆళ్లగడ్డలో రాతి శిల్పుల ఇంట పుట్టినవాడు ప్రాగ్ దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చిందో చెప్పాలంటే మా నాయన పని గురించి ముందు చెప్పాలి. ఆయన దేవతా విగ్రహాలు చెక్కేవారు. దానికి ఆయన పెన్సిలు పట్టి బొమ్మ గీసుకునేవారు కాదు, ఒక కాగితపు పట్టీని విగ్రహం ఎత్తుకు కత్తిరించి, మూడు మడతలు వేసి, దాన్ని మళ్లీ మూడు మడతలు వేసేవారు. అలా వచ్చిన తొమ్మిదో భాగం ముఖం పొడవు. దాన్ని తాలమంటారు. ఆ తాలాన్ని మళ్లీ మూడు సమభాగాలు చేస్తే నుదురు, ముక్కు, ముక్కు కొన నుంచి గడ్డం దాకా వరుసగా వచ్చేస్తాయి. మెడ ఇంత, ఛాతీ ఇంత, మోకాలు ఇంత అని తక్కిన అవయవాలన్నీ ఆ మడతల్లోంచే పుట్టుకొచ్చేవి. నాకు అక్షరాలు రాకముందే ఆ మడతలు వచ్చాయి. లోకంలో నేను మొదట నమ్మిన అంకెలు అవే, అవి ఒక్కసారి కూడా తప్పడం నేను చూడలేదు, ఒకే ఒక్క సందర్భంలో తప్ప.

నేను హైదరాబాదులో చిత్రకళ కళాశాలలో చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చిన రోజుల్లో, అవుకు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు చనిపోయిన తన తండ్రి విగ్రహం కావాలని వచ్చాడు. దేవుళ్లకే పరిమితమైన మా రాతిపని కొట్టానికి మనిషి విగ్రహాలు అడిగేవారి రాక అప్పుడప్పుడే మొదలైంది. నాయన ఆ రైతు ఇచ్చిన మసకబారిన ఫొటో ఒకసారి చూసి పక్కన పెట్టి, పట్టీ మడిచి పని మొదలుపెట్టారు. నెలల తరువాత ఆ రైతు వచ్చి విగ్రహం ముందు నిలబడి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"ఏందప్పా ఇది? రామునికి మీసాలు పెట్టి మా నాయనంటాండావే!"

"శాస్త్రం ప్రకారం చేసినా" అన్నారు నాయన.

"శాస్త్రం నీకాడ పెట్టుకో. మా నాయన ముక్కు వంకర. పల్లె పల్లెంతా ఎరుగుదురు. ఆ వంకర యాడబోయ?"

వంకర ఎక్కడికి పోయిందో మా కొట్టంలో ఎవరికీ తెలియదు. రైతు బండి ఖాళీగా తోలుకుపోయాడు. ఆ విగ్రహం కొన్నాళ్లు మూలన నిలబడి, చివరికి మీసాలతో సహా ఒక గుడి వాకిట్లో చేతులు జోడించిన భక్తుడిగా కుదురుకుంది. వాకిలికి రెండో వైపున కూడా భక్తుడు కావాలన్నందున నాయన అలాంటిదే మరొకటి చెక్కి ఇవ్వవలసి వచ్చింది. మా అన్న ఆ సంగతి చెప్పుకుని చాలాకాలం నవ్వేవాడు. నాయన మాత్రం నవ్వలేదు. మనిషి విగ్రహాలు అడిగేవారు పెరుగుతున్నారని, పోలిక తేలేని కొట్టానికి వాళ్లు రారని, వచ్చే కాలంలో ఇద్దరు కొడుకుల కుటుంబాలు దేవుళ్ల మీదనే బతకలేవని ఆయన లెక్కవేసుకున్నారు. మా కళాశాల నుంచి ప్రాగ్‌కు ఒక విద్యార్థిని ఒక చదువు సంవత్సరం పాటు పంపే అవకాశం వచ్చి, అది నాకు దక్కినప్పుడు, అంత దూరం వద్దని అమ్మ ఏడుస్తుంటే, ఆయన ఉలి పక్కన పెట్టి ఒక్కటే మాట అన్నారు. "దేవుడు నా పోలిక యాడరా అని అడగడు. మనిషి అడుగుతాడు. ఆ విద్య మన కొట్టంలో లేదు. పోయి నేర్చుకోని రా."

అందువల్ల నేను ఆ సోమవారం నాడు తరగతిలో కూర్చున్నది ఊరు చూసి రావడానికి కాదు. మొదటి గంటలోనే శిల్పకళ ఆచార్యులు, ముక్కు మీది కళ్లద్దాలకు గొలుసు కట్టుకున్న ఒకావిడ, ఆ వారం సంగతి చెప్పారు. ఆమె చెక్ భాషలో చెప్పిన ప్రతి మాటనూ నా పక్క బల్ల అమ్మాయి, స్లోవాక్ ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల, కొద్దిపాటి ఇంగ్లీషులో నా చెవిలో చెప్పేది. బుధవారం నుంచి మూడు రోజులు మనిషిని ఎదుట నిలబెట్టి బొమ్మ వేయిస్తారు. శుక్రవారం సాయంత్రం బొమ్మలన్నీ గోడకు పెట్టి, ఎవరు రూపశిల్పం తరగతిలో ఉండాలో, ఎవరు రాతి కోత, మెరుగు నేర్పే పనిశాలకు వెళ్లాలో తేలుస్తారు. రాతి కోత నాకు ఆళ్లగడ్డలోనే వచ్చు. దానికోసం సముద్రాలు దాటనక్కరలేదు. పోలిక తేవడం నేర్పేది ఆ ఒక్క రూపశిల్పం తరగతిలోనే. పనిశాలకు పంపితే నాయన దగ్గరకు ఏ ముఖంతో తిరిగి వెళ్లాలో అని సోమవారం, మంగళవారం చరిత్ర పాఠాలు వింటున్నంత సేపూ నాకు అదే ఆలోచన. ఆ పాఠాల్లో ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు.

బుధవారం ఉదయం చెక్క వేదిక మీద ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. డెబ్బైకి దగ్గరలో ఉంటుంది. మందపాటి ఉన్ని చొక్కా, కింద గళ్ల పావడా, భుజాల మీద శాలువా, ఒక చేయి పక్కనున్న కుర్చీ వీపు మీద. రొట్టెల బట్టీలో పనిచేసి వయసు మళ్లి మానేసిన మనిషని, ఇప్పుడు ఇలా బొమ్మలకు నిలబడుతుందని పక్క బల్ల అమ్మాయి చెప్పింది. అందరూ ఆమెను చూస్తూ కూర్చున్నారు. అరగంట గడిచినా కొందరు గీత పెట్టలేదు, ఇంతమందికి పని రాదు కాబోలుననుకుని, నాకు లోలోపల ధైర్యం వచ్చింది. నేను కాగితం అంచు చింపి పట్టీ చేసి, మూడు మడతలు, మళ్లీ మూడు మడతలు వేసి, గీయడం మొదలుపెట్టాను. పని సాగుతున్న కొద్దీ ఒళ్లు మరచిపోయాను. తల ఎత్తవలసిన అవసరమే కలగలేదు. మూడు గంటల తరగతిలో గంటన్నరకే నా బొమ్మ పూర్తయింది. అందరికన్నా ముందు పూర్తి చేసింది నేనే.

ఆచార్యులు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఎవరీమె అని అడిగారు. ప్రశ్న నాకు అర్థం కాక, వేదిక మీది ఆవిడేనని, ముఖానికి తొమ్మిది రెట్లు ఎత్తు పెట్టానని, నుదురు, ముక్కు, గడ్డం సమభాగాలని, కావాలంటే కొలిచి చూసుకోవచ్చునని చెప్పాను. ఆ అమ్మాయి అదంతా అనువదించింది. ఆచార్యులు వేదిక వైపు చూశారు, కాగితం వైపు చూశారు. ఈమె చాలా అందమైన మనిషి, ఎప్పుడైనా ఇటు వస్తే తనకు పరిచయం చేయమని చెప్పి పక్క బల్లకు వెళ్లిపోయారు. తరగతంతా నవ్వింది. విరామంలో వేదిక దిగి వచ్చిన పెద్దావిడ కూడా నా బల్ల దగ్గరకు వచ్చి, చాలాసేపు బొమ్మ చూసి ఏదో అంది. పక్క బల్ల అమ్మాయి చెప్పనా వద్దా అని తటపటాయించి చెప్పింది. "ఈమెకు మోకాళ్ల నొప్పులు లేవు, అదృష్టవంతురాలు, అంటోంది."

ఆ సాయంత్రం హాస్టలు గదిలో కూర్చుని నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. ఆచార్యుల మాట తప్పని నిరూపించడానికి మరునాడు ఆ పెద్దావిడనే కొలవాలని నిశ్చయించుకున్నాను. కొలతలో నా పక్షమే నెగ్గుతుందని నాకు అణుమాత్రం సందేహం లేదు. గురువారం ఉదయం చేయి చాచి, పెన్సిలు నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి, ముఖం పొడవు తీసుకుని ఎత్తంతా కొలుచుకుంటూ వచ్చాను. ఎనిమిదింబావు వచ్చింది. మళ్లీ కొలిచాను, ఎనిమిదింబావే. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉంది. మోకాళ్లు ముందుకు వంగి ఉన్నాయి. ముక్కు నుంచి గడ్డం దాకా ఉండవలసినంత లేదు, పళ్లు పోయి కింది భాగం కుదించుకుపోయింది. ఒక్కటీ శాస్త్రానికి సరిపోలేదు. అంకెలు నమ్మే మనిషికి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు, ఎందుకంటే అవి కూడా అంకెలే. అప్పుడు నాకు తోచిన ఒకే ఒక్క సమాధానం, ఆవిడ సరిగా నిలబడటం లేదని. ఆ మాటే పక్క బల్ల అమ్మాయికి చెప్పి, దయచేసి కాస్త నిటారుగా నిలబడమని ఆవిడను అడగమన్నాను.

ఆ అమ్మాయి అడగనంది. నేను పట్టుబట్టాను. చివరికి అడిగింది.

పెద్దావిడ కోపగించుకోలేదు. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది, అమ్మాయి కూడా అంతే నెమ్మదిగా అనువదించింది. "నేను నిటారుగానే నిలబడ్డాను, నాయనా. ఇన్నేళ్లు పిండి బస్తాలు మోసిన మనిషికి ఇదే నిటారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కూడబెట్టుకున్న వాదనలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. ఆవిడ తప్పుగా నిలబడలేదు, నా పట్టీ కూడా తప్పు కాదు, అది ఆవిడది కాదు, అంతే. దేవుడికి ఒక కొలత ఉన్నట్టే ఆ బస్తాలు మోసిన మనిషికి కూడా ఒక కొలత ఉందని, దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు గనుక చూసి తెలుసుకోవలసిందేనని నాకు ఇరవై మూడేళ్లు వచ్చాక, అంత దూరం పోయాక తెలిసింది. అవుకు రైతు అడిగిన వంకర ఎక్కడికి పోయిందో కూడా అప్పుడే తెలిసింది. పని మొదలయ్యాక మేము ఒక్కసారైనా ఆ ఫొటో వైపు తల ఎత్తి ఉంటే కదా.

శుక్రవారం తరగతి సాగినంత సేపూ చూశాను. గీసింది తక్కువ, చూసింది ఎక్కువ. ఏ చేతి మీద బరువు ఆనుతోందో, ఏ మడమ మీద ఆనడం లేదో, శాలువా ఎడమ వైపు ఎందుకు జారుతోందో, ఒక్కొక్కటి కొలిచి, కొలిచిందాన్ని దిద్దకుండా అలాగే పెట్టాను. దిద్దకుండా ఉండటమే కష్టమైంది, చేయి తనంతట తాను ఆ భుజాన్ని పైకి ఎత్తబోయేది. సాయంత్రం బొమ్మలు గోడకు పెట్టారు. నా గీతలు మిగతావారి గీతల పక్కన మొరటుగా కనిపించాయి. ఆచార్యులు పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరూ గోడ నుంచి తమ బొమ్మ తీసుకుంటున్నారు. నా పేరు రాలేదు, రాలేదు, ఇక రాదనుకున్న తరువాత, రూపశిల్పం తరగతికి చదివిన పేర్లలో ఆఖరిదిగా వచ్చింది. మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. సోమవారం నుంచి ఆ మడతపెట్టిన కాగితం గదిలోనే పెట్టి రమ్మన్నారు, అంతే. ఇంటికి పోవడానికి కోటు వేసుకుంటున్న పెద్దావిడ నా బొమ్మ ముందు ఆగింది. కాసేపు చూసి, చెయ్యెత్తి తన ఎడమ భుజం మీది శాలువా సర్దుకుంది.

మరుసటి సంవత్సరం ఎండాకాలంలో ఆళ్లగడ్డకు తిరిగి వచ్చి, బడలిక తీరకముందే నాయనను కొట్టంలో నిలబడమన్నాను. "నన్నేం కొలుస్తావురా, నేనేమన్నా దేవుణ్ణా?" అని కసిరారు. అన్న పక్కనుంచి, "నిలబడు నాయనా, ఫారిన్ పోయొచ్చినోడు అడుగుతాండాడు, మీసాలన్నా సరిగా పెడతాడేమో చూద్దాం" అని వెక్కిరించాడు. ఆయన నిలబడ్డారు. మొదటి గంట ఇటూ అటూ కదిలారు, తరువాత కుదురుకున్నారు. నేను పుట్టినప్పటి నుంచి ఆయన ఎదురుగా కూర్చుని పని నేర్చుకున్నాను గానీ, ఆయన కుడి భుజం ఎడమ భుజం కన్నా బొటనవేలి వెడల్పు కిందికి ఉందని ఆ రోజు దాకా చూడలేదు. నా కళ్లు ఎప్పుడూ ఆయన చేతిలోని రాయి మీదనే ఉండేవి. మట్టితో తల, భుజాలు పూర్తి చేసి చూపించినప్పుడు ఆయన చుట్టూ తిరిగి చూశారు. ఇది నేనేనని ఆయన అనలేదు. "మా నాయన అచ్చం ఇట్లే ఉండెరా" అన్నారు.

నాకు ఆ తరువాతి పాతికేళ్ల పని ఆ మాటతోనే దొరికింది. విగ్రహాలు అడిగేవారంతా చనిపోయినవారి కోసమే వస్తారు. వాళ్ల దగ్గర ఉండే ఫొటో పెళ్లినాటిదో, గుర్తింపు కార్డు మీదిదో, ఏదీ సరిగా ఉండదు. అందుకని ఇంటిల్లిపాదినీ రమ్మనేవాణ్ణి. కోయిలకుంట్ల నుంచి, కొలిమిగుండ్ల నుంచి, బస్సుల్లోనూ ఆటోల్లోనూ దిగి, కొట్టం ముందు వేపచెట్టు నీడలో వరుసగా నిలబడేవాళ్లు. తమ్ముడి దవడ, కూతురి నుదురు, మనవడి చెవులు కొలిచి, పోయిన మనిషిని కూడగట్టేవాణ్ణి. "మా నాయన ముక్కు వీనికి యాడొచ్చింది, చిన్నమ్మకొచ్చింది" అని ఒకరంటే, "నాకొచ్చిందేంది, అద్దం జూస్కో పో" అని చిన్నమ్మ మూతి తిప్పేది. ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు కూడా గడ్డం ఎవరిదని తేల్చుకోవడానికి ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకోవలసి వచ్చేది. వాళ్లు అలా చూసుకుంటున్నంత సేపూ నేను కొలిచేవాణ్ణి. నా విగ్రహాలు ఏవీ వెనక్కి రాలేదు.

ఇప్పుడు కొట్టం మా అన్న కొడుకు చూసుకుంటున్నాడు. పోయిన నెల వెళ్లినప్పుడు ఒక విగ్రహం లారీ ఎక్కుతోంది. ఎవరిదని అడిగితే ఫోను తీసి చూసి ఊరి పేరు చెప్పాడు. వాళ్లు పంపిన ఫొటోలను కంప్యూటరులో పెడితే యంత్రం ముక్కు వంకరతో సహా రాయిని చెక్కి ఇస్తుంది. "ఇంట్లోవాళ్లు ఎవరన్నా వచ్చి నిలబడినారా?" అని అడిగాను. "యాలా చిన్నాయనా, ఫొటోలొచ్చినాయి గదా" అన్నాడు. టేపు తీసుకుని కొలిచాను. తప్పు పట్టడానికేమీ లేదు, అతని కొలతలు నావాటికన్నా మెరుగు, ఆ మాట దాచుకోను. అంకెలను నమ్మినవాణ్ణి అంకెలను కాదనలేను. పని తొందరగా అవుతోంది, ఎవరూ బస్సులెక్కి రానక్కరలేదు, ఎండలో నిలబడనక్కరలేదు. కాని వేపచెట్టు కింద ఆ వరుస లేదు. పోయినవాళ్ల కోసం బతికున్నవాళ్ల ముఖాలు వెతుక్కునే ఆ గొడవ, ఆ నవ్వులు, నడుమ ఎవరో ఒకరు కొంగు కళ్లకు ఒత్తుకోవడం, ఏవీ లేవు. అలా వచ్చి నిలబడిన ఆఖరి కుటుంబం ఏ ఊరిదో, ఏ సంవత్సరం, ఏ నెలలో వచ్చి వెళ్లిందో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఇన్ని తేదీలు చెప్పగలిగినవాణ్ణి, ఆ ఒక్క తేదీ గుర్తుంచుకోలేదు. అదే ఆఖరిదని ఆ రోజు తెలియలేదు.